తెల్లబోయిన పచ్చరొయ్యలు

టైలరమ్మ గాజుతొట్టిలో ఆకుపచ్చని మంచినీటి రొయ్యల్ని ముచ్చటపడి పెంచుకుంటోంది. తొట్టి అందంగా ఉంటుందని నల్ల గులకరాళ్ళు తీసేసి తెల్ల ఇసుక పోసింది. తెల్లారి చూస్తే ఒక్కదానికీ రంగు లేదు. ఆమె గుండె జారిపోయింది.

"చేతులారా చంపుకున్నానండీ!" అని చేపల కొట్టాయనకి ఫోన్ చేసింది.

"మేత తింటున్నాయా అమ్మా?"

"ఎగబడి తింటున్నాయి."

"ఒళ్ళు అద్దంలా ఉందా, పాలలా ఉందా?"

ఆమె తొట్టికి ముక్కు ఆనించి చూసింది. "అద్దంలానే ఉందండీ. లోపల పేగు కూడా కనిపిస్తోంది."

"అయితే నిక్షేపంలా ఉన్నాయి. పాలలా తెల్లబడితేనే భయపడాలి. ఇవి చుట్టూ ఉన్న రంగును బట్టి మారే రకం. కాస్త నాచు వెయ్యండి, మళ్ళీ పచ్చబడతాయి."

ఆమె ప్రాణం లేచొచ్చింది. పక్కనే బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మొగుడు కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

"హమ్మయ్య! ఇసుక కడిగింది నేనేగా, ఇవాళ నాకు అన్నం పుట్టదనుకున్నా" అన్నాడు.

ఆమెకి నవ్వాగలేదు.