ముందు నోట్స్, తర్వాత వడగళ్లు

ఈ రోజు యాకుత్‌పురాలోని మా బడిలో ఐదో తరగతికి వాన పాఠం చెప్పాను. మబ్బులోని నీటి చుక్కలు కలిసి బరువెక్కితే వాన, మబ్బులోనే ఆవిరి గడ్డకట్టి పలుకులైతే మంచు అని చెప్పి వడగళ్ల దగ్గరికి వచ్చేసరికి, రేకుల మీద టపటపమని నిజం వడగళ్లే మొదలయ్యాయి. పిల్లలంతా లేచారు. నేను కిటికీలు మూయించాను. పాఠం నడుస్తోంది కదా!

ఆయేషా అప్పటికే టిఫిన్ మూతలో ఒకటి పట్టేసింది.

"మేడం, జర చూడుండ్రి! పగిలినకాడ ఉల్లిగడ్డ లెక్క పొరలున్నయ్!"

"ముందుగాల నోట్స్ రాయి. తర్వాత చూద్దాం."

"గప్పటిదాంక ఇది ఉంటదా మేడం?"

నేను బోర్డు మీద పొరల బొమ్మ వేసి, పక్కనే రాసి అందరిచేత ఎక్కించాను: 'మబ్బులోని గాలి నీటి చుక్కను పదే పదే పైకి విసురుతుంది. విసిరినప్పుడల్లా ఒక మంచు పొర చేరుతుంది. బరువెక్కాక వడగల్లై రాలుతుంది.'

రాయడం అయ్యేసరికి మూతలో చెంచాడు నీళ్లు మిగిలాయి. అందరి నోట్సులోనూ పొరల బొమ్మ చక్కగా ఉంది. ఆయేషా మాత్రం మూతనే చూస్తూ కూర్చుని ఏమీ రాయలేదు. 'శ్రద్ధ లేదు' అని ఎర్ర పెన్నుతో రాశాను.

ఇన్నేళ్లుగా ఆ బొమ్మ వేస్తున్న నేను, వడగల్లు లోపల ఎలా ఉంటుందో ఇంతవరకు చూడలేదు. మీలో ఎవరైనా చూశారా, లేక మీరూ నోట్సే రాసుకున్నారా?