యోహాను గారి అరచెయ్యి

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా మల్కాపురం ఇంట్లో ఫ్రిజ్ ఒక్కసారి గుర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే నీళ్ల మోటారు స్విచ్చు మీదికి పోబోయిన నా చెయ్యి ఆగుతుంది. ఎదురుగా యోహాను గారు అరచెయ్యి ఎత్తి నిలబడినట్టే ఉంటుంది.

బొగ్గు యార్డులో ఆయన మా ఫోర్‌మన్. ఒక కన్వేయర్ బెల్టు మీది బొగ్గు ముందున్న బెల్టు మీద పడుతుంది కాబట్టి, ముందుది తిరగడం మొదలయ్యాకే వెనకది నడపాలి. ఆ రొదలో మాట వినపడదు గనుక ఆయన చేత్తోనే చెప్పేవారు. అరచెయ్యి ఎత్తితే ఆగమని, దించితే నడపమని. చేరిన కొత్తలో ఒకరోజు ఆ చెయ్యి దిగేదాకా ఆగకుండా నేను వెనక బెల్టు నడిపేశాను. బొగ్గు మోకాలెత్తున పోగుపడింది. ఆయన నాతోపాటు పార పట్టి ఎత్తిపోస్తూ, "తొందరేటి బావా నీకు? ముందర బెల్టు తిరిగిందో లేదో సూసినావా? నువ్వంపిన బొగ్గు ఎవుడందుకుంటాడు?" అన్నారు. ఆ రాత్రి ఆ మాట డైరీలో రాసుకున్నాను.

ఇద్దరం రిటైరయ్యాక ఆయన గొంతుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. నేను ఆయన గొంతును రికార్డు చేసి, అరచేతిలో పట్టేంత లైనక్స్ కంప్యూటరులో పెట్టి, దానికి తాకితే పనిచేసే తెర తగిలించాను. తెర మీద పెద్ద బటన్లు. మొదటిది నొక్కితే "రూతమ్మా, ఓపాలి రా" అని ఆయన గొంతే భార్యను పిలుస్తుంది. ఆయనకు మౌసూ కీబోర్డూ తెలియవు. అందుకని కంప్యూటరు వెలగగానే ఆ ప్రోగ్రాం దానంతటదే వచ్చేలా చేశాను. ఒక్కసారి పరీక్షించాను, వచ్చింది. ఆ ఒక్కసారితో సరిపెట్టుకోవడం నా తప్పు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తెర వెలిగింది గాని బటన్లు రాలేదు. ఊపిరి కోసం గొంతులో అమర్చిన గొట్టానికి కఫం అడ్డుపడి, పెరట్లో ఉన్న భార్యను పిలవలేక ఆయన స్టీలు గ్లాసు నేలకేసి కొట్టారు. ఆవిడ పరుగెత్తుకొచ్చి గొట్టం శుభ్రం చేశారు.

"ఇంకోపాలి గ్లాసు చేతికందకపోతే ఏటి అన్నయ్య గారూ?" అని సాయంత్రం రూతమ్మ గారు నన్నడిగారు.

మంచం పక్కనే కూర్చుని కంప్యూటరు ఆపుతూ, పెడుతూ పోయాను. ఏడుసార్లలో మూడుసార్లు బటన్లు రాలేదు. మళ్లీ స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చాను. అప్పుడు ఆయన అరచెయ్యి ఎత్తారు. ఆ చేతిని చూస్తుండగా నాకు తట్టింది. కంప్యూటరు మేలుకుంటూండగానే ప్రోగ్రామును పిలుస్తున్నాను. దాన్ని తెర మీద చూపించాల్సిన డెస్క్‌టాప్ ఒక్కోసారి అప్పటికి సిద్ధం కావడం లేదు. అందుకునేవాళ్లు లేక ప్రోగ్రాం మూతపడుతోంది. ఆ పిలుపును అక్కడినుంచి తీసి, డెస్క్‌టాప్ వచ్చాక మొదలయ్యేవాటి జాబితాలో చేర్చాను.

మెయిన్ స్విచ్చు ఆపి, మళ్లీ వేశాను. తెర ఖాళీగా వెలిగింది. ఆయన చెయ్యి మళ్లీ లేచింది. బటన్లు వచ్చాయి. చెయ్యి దిగి, మొదటి బటన్ నొక్కింది.

"వచ్చేత్తన్నాను!" అని వంటింట్లోంచి జవాబు.

ఇంకో పదిసార్లు ఆపి, మళ్లీ పెట్టాను. పదిసార్లూ వచ్చాయి. పదిసార్లూ రాసుకున్నాను.

ఆయన ఇప్పుడు లేరు. ఆరోజు మొదట చెయ్యెత్తింది నాకు బెల్టు సంగతి గుర్తుచేయడానికో, అలసిపోయి ఇక చాలనడానికో నేను అడగలేదు. ఫ్రిజ్ చప్పుడు నిలకడగా సాగేదాకా ఆగి, అప్పుడే మోటారు స్విచ్చు వేస్తాను.