సుధాలక్ష్మి వదిన శుక్రవారాలు

మా వదిన సుధాలక్ష్మి కోవిల్‌పట్టిలో మా మేడగదిలో కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో కలిసి ఒక క్రిప్టో నెట్‌వర్క్‌కు ప్రోగ్రాములు రాస్తుంది. జీతం కూడా ఆ క్రిప్టోలోనే వస్తుంది. అందులో దాపరికం లేదు. వదిన చిరునామా తెలిస్తే చాలు, ఎంత వచ్చిందో, ఏ చిరునామాకు పోయిందో ఎవరైనా చూడొచ్చు. పేర్లు మాత్రం కనబడవు. చూపులకు అందకుండా పంపే దారి కట్టడమే వదిన పని.

ప్రతి శుక్రవారం ఆమె విరుదునగర్‌లో ఉన్న చెల్లెలు వాసుకికి కొంత పంపేది. వేరే కులం అబ్బాయిని చేసుకున్నాక వాసుకి పేరెత్తడం వాళ్ల పుట్టింట్లోనూ మా ఇంట్లోనూ మానేశారు. వదిన పంపే సంగతి నాకొక్కదానికే తెలుసు. తొమ్మిదితో బడి మానేసి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే నేను, సాయంత్రాలు వదిన పక్కనే కూర్చునేదాన్ని.

మా మేనల్లుడికి, అదే వదిన కొడుక్కి, చెవులు కుట్టించిన రోజు తప్పు జరిగింది. మా వైపు చదివింపులను మొయ్యి అంటారు. పెట్టినవాళ్ల పేర్లు మైకులో చెబుతారు. వేడుకను వీడియోలో చూస్తున్న తోటి ఉద్యోగులు తామూ క్రిప్టోలో మొయ్యి పెడతామంటే, వదిన సంబరంగా తన క్యూఆర్ కోడ్‌ను మొయ్యి బల్లకు అంటించింది. జీతం వచ్చేదీ, వాసుకికి పోయేదీ ఆ చిరునామా నుంచే.

మా పెదనాన్న కొడుకు సెల్వరాజ్ దాన్ని స్కాన్ చేసి, వచ్చిందీ పోయిందీ అంతా చూశాడు. పంక్తిలో సాంబారు పోయించుకుంటూ గట్టిగా అన్నాడు:

"వదినా, శుక్రవారమైతే సాలు, ఒకే తావుకి దుడ్లు పోతుండాయే! ఎవురికి, సామి ఉండీకా?"

అందరూ నవ్వారు. వదిన చేతిలో గరిటె ఆగింది. మా అమ్మ నవ్వలేదు.

ఆ వారమంతా వదిన మేడకూ వంటింటికీ తిరుగుతూనే ఉంది. తను కడుతున్న కొత్త దారి ఇంకా పరీక్షలోనే ఉంది. అందులో ఎలా దాగుతుందని వదినను అడిగాను.

"నువ్వు అగ్గిపెట్టెలు కట్ట కట్టేవు కదా పాపా, కట్టకి ఒకటే ముద్ర. ప్రతి పెట్టె విప్పి సూసేదుండదు. ఇదీ అంతే. శానామందివి ఒకే కట్టలో పోతే బిరాన పోతాది. లోపల ఎవురిది ఏదో తెలీదు."

"కట్టలో రెండే పెట్టెలుంటే?"

"అదే నా బయము. శానామంది రావాల."

నా ఫోన్‌లోనూ ఆ కొత్త దారి వాలెట్ యాప్ పెట్టించుకుని నేనూ కట్టలో చేరాను.

ఆ శుక్రవారం వదిన కొత్త దారిలో పంపింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వదిన కిందికి వెళ్లి అన్నం వార్చి వచ్చింది. ఇంకా తిరుగుతోంది. చివరికి వాసుకి నుంచి మాట వచ్చింది: "అందింది అక్కా."

వదిన ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం మనసు నిలవలేదు. ఎందుకో ఆదివారం తెలిసింది. సెల్వరాజ్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"ఏమి వదినా, ఈ శుక్రవారం పోలేదే? నేను అడిగినాంకనే నిలిపేస్తివి. అట్లయితే ఏందో ఉండాది!"

కొత్త దారిని దాచాం. పాత దారి ఆగిపోవడం అందరికీ కనబడింది.

"ఎవురికమ్మా అది?" అంది అమ్మ.

పేరు బయటికి వస్తే వాసుకికి ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

"నాకే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పది పరీక్ష రాసేదానికి వదిన నా కోసరం ఎత్తిపెడతా ఉండె."

"నువ్వు సదివేదా!" సెల్వరాజ్ నవ్వాడు. "మరి ఏల నిలిపిరి?"

"నువ్వు పంక్తంతా సాటితివి కదన్నా. సిగ్గయింది."

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. "సదవనీరా. నీకేం నొప్పి? కాపీ తాగి పో."

మర్నాడు పక్కింటి శివరంజని దగ్గర పదో తరగతి పుస్తకాలు అడిగి తెచ్చి నా ముందు పెట్టింది అమ్మే. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి రాగానే లెక్కల పుస్తకం తెరుస్తున్నాను. చదువుతున్నానో లేదో అని అమ్మ మెట్లెక్కి వచ్చి చూస్తుంది. శుక్రవారం సాయంత్రం వదిన నా పక్కనే లాప్‌టాప్ పెట్టుకుంటుంది. చక్రం తిరుగుతుంటుంది. ఇద్దరం ఒక కన్ను తెర మీద, ఒక కన్ను తలుపు మీద పెట్టి కూర్చుంటాం.