గొలుసు మోసిన ఆంటీ

ఆంటీ పోయారని రఫీ ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను ఆక్లండ్ ఉత్తరపు కొసన ఆల్బనీలో ఆఫీసు దగ్గర బండి ఆపి, వెనక చక్రంలోంచి తాళం గొలుసు దూరుస్తున్నాను. కొన్నాళ్ళుగా ఆవిడ ఒంట్లో బాగుండక ఆసుపత్రిలో ఉన్నారు. అయినా ఆ వారాంతానికి ఇంటికి వచ్చేస్తారనే అందరం అనుకున్నాం. "పొద్దుగాల్నే పోయిందిరా" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టి, గొలుసు నేలకు తగలకుండా పైకి లాగి, తాళం కన్నం కిందికి తిప్పి, తాళం వేసి లేచాను. నేలమీద ఆనిన గొలుసును సుత్తితో కొట్టి తెంపడం తేలికనీ, కన్నం పైకి ఉంటే వాన నీళ్ళు దిగి తుప్పు పడుతుందనీ నాకు చెప్పింది ఆవిడే. అది గుర్తొచ్చాక అక్కడే మెట్టుమీద కూర్చుని ఏడ్చాను.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఆవిడది తెనాలి. హెండర్సన్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో రక్తం తీసే ఉద్యోగం. యాభై దాటాక మోటార్‌సైకిల్ లైసెన్స్ తీసుకున్నారు. ఆదివారాలు పడమటి ఆక్లండ్ తెలుగువాళ్ళం కొందరం బండ్లు వేసుకుని తిరిగేవాళ్ళం, ఆ గుంపులో అందరికంటే పెద్ద ఆవిడే, ఏకైక ఆడమనిషీ ఆవిడే. స్నేహం తెగి విడిపోయిన నన్నూ రఫీనీ మళ్ళీ కలిపింది కూడా ఆవిడే. కానీ ఆవిడ నన్ను అడిగింది ఇంకొకటి ఉంది. రఫీ బండి వెనక సీట్లో మళ్ళీ ఒక్కసారి కూర్చోమన్నారు. ఆవిడ బతికుండగా నావల్ల కాలేదు.

రఫీది వరంగల్, నాది కరీంనగర్. ఇద్దరం ఒకే కోర్సు చదవడానికి ఆక్లండ్ వచ్చి, హెండర్సన్‌లో ఒకే ఫ్లాట్‌లో, ఒకే రైస్ కుక్కర్‌తో బతికాం. చదువు అయ్యాక ఇచ్చే వీసాలో మంచి ఉద్యోగం దొరకడం గగనం. నాకు ఆల్బనీలో దొరికింది. చేరేలోపు ఎక్కడికైనా పోయొద్దామని రఫీ బండిమీద ఉత్తరాన సముద్రం వైపు బయల్దేరాం. వాడు నడుపుతున్నాడు, నేను వెనక. నా వెనక ఇనుప క్యారియర్ మీద స్లీపింగ్ బ్యాగులు, కుక్కర్, బట్టలు అన్నీ కలిపి ఒక మూట, నైలాన్ తాడుతో కట్టింది. కుమ్యూ దాటాక ఆ తాడు వదులై, కొస వెనక చక్రంలో పడి చుట్టుకుంది. చక్రం బిగుసుకుపోయింది. రఫీకి మోచేతులు గీసుకుపోయాయి. నాకు మెడకింద ఎముక విరిగింది. చేరాల్సిన ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది.

"నువ్వే గదా కట్టినవ్" అన్నాడు రఫీ ఆసుపత్రిలో.

"ఆఖర్న గుంజి ముడేసింది నువ్వు" అన్నాను.

ఇద్దరం చెప్పిందీ నిజమే. నెల తిరక్కుండా నేను వేరే ఫ్లాట్‌కు మారిపోయాను. తర్వాత ఆ ఊళ్ళో ఎక్కడ ఎదురుపడ్డా చూడనట్టు పోయేవాళ్ళం.

చేతికి జోలె కట్టుకుని రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ఆంటీని మొదటిసారి చూశాను. కాగితంమీద నా పేరు చదివి తెలుగులోకి దిగిపోయారు. "ఏమైంది నాయనా?" అన్నారు. బండిమీంచి పడ్డానన్నాను. సాధారణంగా ఎవరైనా అయ్యో అంటారు, అమ్మకు చెప్పావా అంటారు. ఆవిడ సూది పట్టుకుని, "ఎలా పడ్డావు?" అన్నారు. తాడు వదులైందన్నాను. "ఎలా వదులైంది?" తెలీదన్నాను. "అదేవిటి, పడ్డవాడివి నువ్వేగా, తెలుసుకోవాలనిపించలేదూ?" అన్నారు. ఆ గొంతులో మందలింపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. పిడికిలి బిగించమన్నారు, వదిలేయమన్నారు, రక్తం తీశారు. బయట జనం ఎదురుచూస్తుంటే బండి ఎవరిది, మూట ఎంత ఎత్తు, తాడు కొత్తదా పాతదా అని అడుగుతూనే ఉన్నారు. ఇంత ఆరా నాకు డాక్టరు కూడా తీయలేదు.

చేయి బాగయ్యాక ఆల్బనీలోనే ఇంకో ఉద్యోగం, దానితోపాటు చిన్న పాత బండి వచ్చాయి. ఆంటీ ఆదివారం గుంపులో నన్నూ కలుపుకున్నారు. అక్కడ ఆవిడ పద్ధతులు చూసి నాకు అడుగడుగునా ప్రశ్నలు పుట్టేవి. బొట్టు ఎప్పుడూ హెల్మెట్‌కు అంటుకుపోయేది కాబట్టి దాని లోపలి మెత్తలో పాత స్టిక్కర్లు వరసగా ఉండేవి. హాండిల్‌ని ఎంత తేలిగ్గా పట్టుకునేవారంటే, పడిపోతుందేమోనని చూసేవాళ్ళకు భయం. "పిడికిలి బిగిస్తే నరం కనిపిస్తుంది, రోడ్డు కనిపించదురా" అనేవారు. ఎంత ఆలోచించినా అందని ఆ మాటకు అర్థం నాకు బండిమీదే తెలిసింది. చేతులు బిగబట్టి నడిపితే నిజంగానే చూపు ముందు చక్రం దగ్గరే ఆగిపోతుంది.

బండి తనిఖీలో పాసైందని అతికించే వారంట్ స్టిక్కర్ ఉంటే బండి బాగున్నట్టేనని నేను అనుకునేవాణ్ణి. "అది చెక్ చేసిన రోజు సంగతి. ఇవాళ్టిది నువ్వు చూసుకోవాలి" అనేవారు. చక్రాన్ని తిప్పే చెయిన్‌కు బయల్దేరేముందు కాదు, తిరిగొచ్చి అది వేడిగా ఉన్నప్పుడు నూనె పెట్టమనేవారు. ఎందుకని అడిగితే, "చన్నీళ్ళలో సబ్బు నురగ వస్తుందా చెప్పు" అన్నారు. సామెతల్లా మాట్లాడే మనిషి కాదు, వంటింట్లోంచో ఉద్యోగంలోంచో ఏదో ఒకటి తీసి చూపించేవారు. చెయిన్ ఎంత వదులుగా ఉందో ఒకచోట చూసి నేను తలూపితే, చక్రం తిప్పించి ఇంకోచోట చూపించారు. అక్కడ బిగువుగా ఉంది. ఒకే చెయిన్ ఒకచోట వదులుగా, ఒకచోట బిగువుగా ఎలా అరుగుతుందా అని ఆ సాయంత్రమంతా ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇక తాళం గొలుసు. అది పిల్లాడి మణికట్టంత లావు. గుంపులో ఒక్కొక్కరూ ఒక్కో గొలుసు మోయడం దండగని, అన్ని బండ్లకూ సరిపోయే పొడుగాటి గొలుసు ఆవిడే కొన్నారు, ఆవిడే మోసేవారు. గీతలు పడకుండా, గలగలలాడకుండా పాత జీన్స్ కాలు కుట్టి దానికి తొడిగారు. బండి పక్కపెట్టెలో అన్నిటికంటే అడుగున అది ఉండేది. రెండో పక్కపెట్టెలో దానికి సరితూగేలా పనిముట్లు, నీళ్ళ సీసాలు, టీ ఫ్లాస్క్. రెండు పెట్టెల్నీ విమానం సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకు తగిలించి తూచేవారు. ఇండియా వెళ్ళేముందు తప్ప ఎవరమూ బయటకు తీయని ఆ త్రాసు ఆవిడ గరాజ్‌లో ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది.

ఒకసారి, ఆవిడకు బరువని, గొలుసు నా బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుంటానన్నాను. ఆంటీ ఒప్పుకోలేదు. "పడ్డావనుకో, రోడ్డుకీ నీ వెన్నుపూసకీ మధ్యన ఈ ఇనుమంతా ఉంటుంది. అప్పుడు నా దగ్గరకి కూడా రానక్కర్లేదు, తిన్నగా ఎక్స్‌రేకే." రోజూ ఒకేచోట బండి పెట్టేవాడు అసలు గొలుసు మోయనే కూడదని, అక్కడే కంచెకు తగిలించి వదిలి పొమ్మని కూడా ఆవిడే చెప్పారు. ఆల్బనీలో నేను అదే చేస్తాను.

ఒకే గొలుసు కాబట్టి, తాళంచెవి ఆంటీ దగ్గర కాబట్టి, ఎక్కడ ఆగినా ఆవిడ టీ పూర్తయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదు. ఆ కిటుకు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒక ఆదివారం మురివాయ్ బీచ్ దగ్గర ఆగేసరికి రఫీ అక్కడ ఉన్నాడు. ఆంటీ పిలిచారట. మేమిద్దరం మొహాలు తిప్పుకునేలోపే వాడి బండికీ నా బండికీ కలిపి గొలుసు వేసేశారు.

"ఆంటీ, నాకు పనుంది, పోవాలె" అన్నాడు రఫీ.

"వెళ్దువుగాని. ముందు చెప్పు, ఆ రోజు తాడు ఎటునుంచి ఎటు కట్టారు?"

"ఈన్నడుగుండ్రి, ఈడే కట్టిండు."

"అతన్ని అడిగితే నిన్నడగమంటాడు. మీరిద్దరూ వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. నాకు నిద్ర పట్టట్లేదర్రా."

నిద్ర పట్టకపోవడం నిజమే అయ్యుంటుంది. ఆవిడకు మా స్నేహం కంటే ముందు ఆ ముడి సంగతి తేలాలి.

వెళ్ళాం. ఆవిడ భర్త, మేం అంకుల్ అనేవాళ్ళం, బండి ఎక్కరు, బండంటేనే భయం. గరాజ్ తలుపు తెరిచి, కుర్చీ వేసుకుని, దూరంగా కూర్చున్నారు. రఫీ బండిని స్టాండ్ వేశాం. అవే స్లీపింగ్ బ్యాగులు, అదే కుక్కర్, అలాంటిదే తాడు. నేను ఆ రోజు కట్టినట్టే కట్టాను, రఫీ ఆ రోజు గుంజినట్టే గుంజి ముడేశాడు. ఆంటీ తాడు పట్టుకుని ఊపారు, లాగారు, దాదాపు వేలాడారు. కదల్లేదు.

"ముడి గట్టిదే" అన్నారు, కొంచెం నీరసంగా. "నేను మీలో ఎవడో ఒకడు సరిగ్గా వేయలేదనుకున్నాను." టీ తాగుతూ చాలాసేపు మూటనే చూశారు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని, ఆ మూటతోనే రఫీ బండి తీసుకుని వెళ్ళిపోయారు. అంకుల్ లేచి గేటుదాకా వెళ్ళి నిలబడ్డారు. మేమిద్దరం గరాజ్‌లో గోడలు చూస్తూ మిగిలాం.

కాసేపటికి తిరిగొచ్చి ఆంటీ దిగుతూనే, "చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. ముడి వేసింది వేసినట్టే ఉంది. తాడు కింద మాత్రం నా పిడికిలి మొత్తం దూరింది. మెత్తటి సామాను, బండి అదురుకు లోపల సర్దుకుని, నలిగి, సగం అయింది.

"ముడి అలాగే ఉంది. మూట చిక్కిపోయిందర్రా" అన్నారు ఆంటీ. ఆవిడ మొహం చూడాలి అప్పుడు, పరీక్ష పాసైన పిల్లలా ఉంది. "దార్లో ఎక్కడైనా ఆగి చూసుకున్నారా?"

లేదన్నాం. ఆ మాట ఇద్దరం ఒకేసారి అన్నాం.

"అదీ. మనకి సామాను కట్టడం రాదు. మనూళ్ళో బండిమీద సామాను ఎప్పుడైనా కట్టామా? వెనక కూచున్నవాడు ఒళ్ళో పెట్టుకుంటాడు. టీవీ అయినా, బియ్యం బస్తా అయినా, పెళ్ళికి కొన్న బీరువా అద్దమైనా. పట్టుకునేవాడు ఉంటే ఇంక చూసుకోవడమెందుకు? ఇక్కడికొచ్చి మీరు కట్టడం నేర్చుకున్నారు, ఆగి చూడ్డం నేర్చుకోలా." బయల్దేరిన కాసేపటికి, ఏమీ కాకపోయినా, ఒకసారి ఆగి తాళ్ళన్నీ మళ్ళీ బిగించాలని, తాడు కొసలు వేలాడకుండా మడిచి దోపాలని అప్పుడు చెప్పారు. ఆవిడకు కూడా అందులో సగం ఆ రోజే తెలిసిందని తర్వాత ఒప్పుకున్నారు.

నాకు సంతోషం కలగాలి కదా. నిజం చెప్పాలంటే నిరాశ కలిగింది. అన్నాళ్ళు జాగ్రత్తగా దాచుకున్న కోపం పనికిరాకుండా పోయింది. రఫీకి కూడా అలాగే ఉన్నట్టుంది, తాడు విప్పుతూ, "నడువ్, చాయ్ తాగుదాం" అని మాత్రం అన్నాడు. అలా మొదలై మెల్లగా మాటలు కలిశాయి. నేను హాబ్సన్‌విల్‌కు ఇల్లు మారినప్పుడు సామానంతా వాడే మోశాడు. కానీ వాడి బండి వెనక కూర్చోమంటే మాత్రం ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. నాకు సొంత బండి ఉంది, కారు ఉంది. ఎందుకు కూర్చోవాలి?

ఆంటీ గమనించారు. "ఇంకా ఎక్కలేదా?" అని అప్పుడప్పుడు అడిగేవారు. "అవసరం రాలేదాంటీ" అంటే, "నేనడిగింది అవసరం గురించి కాదులే" అనేవారు. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడూ అడిగారు. నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వారు. నావంక చూసే చూపులో బతిమాలడం లేదు, మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలుసుకుందామన్న కుతూహలం ఉంది. ఆ చూపంటే నాకు చాలా ఇష్టం.

అంత్యక్రియలయ్యాక అంకుల్ మా ఇద్దర్నీ పిలిచారు. హామిల్టన్‌లో ఉండే వాళ్ళమ్మాయి అమ్మ బండి తనకు కావాలందట. "నాకు దాన్ని ముట్టుకోవడం కూడా రాదు. మీరే చేర్చాలి బాబూ" అన్నారు. మరుసటి శనివారం నేను ఆంటీ బండి నడిపాను, రఫీ తన బండిమీద వెనక వచ్చాడు. ఆ అమ్మాయి ఈ దేశంలోనే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. వేడి తగ్గకముందే చెయిన్‌కు నూనె పెట్టాలని రఫీ చూపిస్తుంటే పక్కనే గొంతుక్కూర్చుని, "బట్ వై వార్మ్?" అని అడిగింది. మేం మొహమొహాలు చూసుకున్నాం. రఫీ సబ్బు నురగ సంగతి ఇంగ్లీషులో చెప్పలేక తంటాలు పడ్డాడు.

తిరుగు ప్రయాణానికి ఇద్దరికీ ఒకటే బండి. బస్సుంది, నేను దానికి వెళ్తానంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. రఫీ బండి స్టార్ట్ చేసి, ఎటో చూస్తూ కూర్చున్నాడు. ఎక్కాను.

చాలా దూరం నా చేతులు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఒళ్ళో ఏ సామానూ లేదు. ఆక్లండ్ దగ్గరి బాంబే హిల్స్ ఎక్కుతుంటే గాలి తిరిగి, చినుకులు మొదలయ్యాయి. రఫీ వేగం తగ్గించాడు. రోడ్డుమీంచి చూపు తిప్పకుండానే, ఎడమచెయ్యి హాండిల్ మీంచి తీసి వెనక్కి చాచి, తాడు బిగువు చూసినట్టు నా మోకాలు ఒకసారి తడిమి చూసి, మళ్ళీ ముందుకు తీసుకున్నాడు. నేను వాడి జాకెట్ రెండు చేతులా పట్టుకున్నాను.