గాలికి పార్టీ లేదన్న అక్కగారు

మా అమ్మాయి మా పేట పనులు చూసే లోకల్ బోర్డు ఎన్నికలో గెలిచిన మర్నాడు పొద్దున్నే, రవ్వకేసరి గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను. రోజూ మందులిచ్చి వెళ్ళే నర్సమ్మ తలుపు తీసి "సారీ" అంది. మా అమెరికా అక్కగారు రాత్రి నిద్రలోనే పోయారట. గిన్నె చేతిలో ఇంకా వేడిగానే ఉంది. ముందురోజు కంచె మీంచి వంగి మా అమ్మాయిని కావలించుకున్న మనిషి! నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

ఆవిడ ఎప్పుడో అమెరికా నుంచి ఈ దేశం వచ్చి, మేమూ ఉంటున్న ఫ్లాట్ బుష్‌లో స్థిరపడ్డ టీచరు. నేను చదివింది ఎనిమిదో తరగతి, నా ఇంగ్లీషు ఏపాటిది? అయినా నా కోసం ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పేవారు. నేను అక్కగారూ అంటే, అర్థం అడిగి తెలుసుకుని, నన్ను "తమ్ముడూ" అనడం మొదలుపెట్టారు. ఎంత మంచి మనిషండీ!

అమెరికా ఎన్నికలు నేను చూసింది ఆవిడ టీవీలోనే. చూసినకొద్దీ నోరెళ్ళబెట్టడమే నా పని. పనిరోజున ఓటింగట, చాలాచోట్ల సెలవు కూడా ఇవ్వరట. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోవచ్చట! "మా ఊళ్ళో అయితే కౌంటింగ్ దగ్గర కుర్చీలు గాల్లోకి లేస్తాయి అక్కగారూ" అంటే పకపకా నవ్వేవారు. ప్రకటనల్లో తానేం చేస్తానో చెప్పేవాడు తక్కువ, ఎదుటివాణ్ణి తిట్టేవాడు ఎక్కువ. అదొక్కటే నాకు కొత్తగా అనిపించలేదు.

మా అమ్మాయి పోటీ చేస్తుందనగానే నాకంటే ఆవిడకే సంబరం. వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పారు. "గుమ్మం దగ్గర నువ్వు మాట్లాడకు, వాళ్ళని మాట్లాడనివ్వు" అని నేర్పారు.

ఒకరోజు ఈదురుగాలికి వీధి మలుపులో ఎన్నికల ప్రచారం బోర్డులు పడిపోయాయి. వెళ్ళి చూద్దును గదా, ఆవిడ మా పోటీదారు బోర్డు లేపి నిలబెడుతున్నారు! నాకు మతి పోయింది.

"ఏంటక్కగారూ, అది అవతలివాళ్ళది!"

"గాలికి పార్టీ లేదు తమ్ముడూ. ఊరికే అరవకుండా ఆ కర్ర పట్టుకో."

పట్టుకున్నాను. మేకు కొడుతూనే తన సంగతి చెప్పారు. అమెరికాలో ఇంటి ముందు గడ్డిలో ఆవిడ ఒక పార్టీ బోర్డు పెడితే, సొంత తమ్ముడు ఇంకో పార్టీది పెట్టాడట. ఒకరిది ఒకరు పీకేశారట. అప్పట్నుంచీ అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

"అదంతా ఎవరి కోసం? మా ఇద్దరి పేర్లు కూడా తెలియని మనిషి కోసం."

"ఫోన్ చెయ్యండి అక్కగారూ, ఇవాళే చెయ్యండి" అని వెంటపడ్డాను.

"చేసి ఏం మాట్లాడను? మళ్ళీ ఓట్ల గొడవే వస్తుంది. మీ పిల్ల గెలవనీ. చెప్పుకోవడానికి ఒక మంచి కబురైనా ఉంటుంది."

శనివారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. నేను వాకిట్లో గెంతుతుంటే మా అమ్మాయి "నాన్నా, స్లో డౌన్, బీపీ!" అని అరుస్తోంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. తమ్ముడికి ఫోన్ చేశారో లేదో, ఆ ఆనందంలో నేను కనుక్కోలేదు.

అంత్యక్రియల రోజు, మా అమ్మాయి చేతిలో ఓడినాయన వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆవిడ తమ్ముడికి అమెరికా నుంచి వచ్చే ఓపిక లేదంటే, ఆయన్ని మా అమ్మాయి వీడియో కాల్‌లో కలిపింది. నన్ను చూడగానే ఆయన చెప్పాడు.

"ఆ శనివారం అక్క గంటసేపు మాట్లాడింది. అంతా మీ అమ్మాయి గురించే. చివర్లో నాకో పని చెప్పింది."

ఫోన్ పట్టుకుని నెమ్మదిగా అమెరికాలోని తన ఇంటి వాకిట్లోకి నడిచాడు. ఆకులు రాలిన గడ్డిలో కర్రకి కొట్టిన అట్ట ఒకటి కనిపించింది. దాని మీద వంకర అక్షరాలతో మా అమ్మాయి పేరు, కింద "ఓటెయ్యండి" అని. ఆ వీధిలో ఒక్కరికీ మాకు ఓటేసే వీల్లేదు. ఎన్నికా అయిపోయింది. ఆ పెద్దాయన బోర్డు పక్కన నిలబడి, అందరికీ సరిగ్గా కనబడుతోందా అని అడిగాడు.