యుద్ధం రోజుల్లో రొయ్యల పట్టుబడి

మొన్న సరిహద్దులో యుద్ధం జరిగిన రోజుల్లో తోటపల్లి గూడూరు మండలంలో రొయ్యల గుంటలన్నిటినీ కాపాడింది నేనే. టీవీల్లో యుద్ధం వివరించే మాజీ సైనికాధికారుల మాటలన్నీ వడగట్టి, ఎవరిది నిజమో తేల్చి, రైతులకు ధైర్యం చెప్పాను.

సరే, మండలం అనేది కాస్త ఎక్కువైంది. మా చెల్లెలి గుంట ఒక్కటే.

కానీ ఆ గుంటే ఆమె సంసారం. రొయ్య ఇంకా చిటికెన వేలంత కూడా లేదు. అప్పుడే పట్టి అమ్మితే వేసిన మేతకు కూడా రాదు. పట్టకుండా ఉంచామా, కరెంటు పోతే నీళ్లలో గాలి ఆడించే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి గుంటలో రొయ్యంతా చచ్చి తేలుతుంది.

టీవీలో ఒక మీసాలాయన ఉండేవాడు. ఆయన పార్టీ వాళ్లదే ఆ ఛానల్. రోజూ శత్రువు రేవును ముంచేసేవాడు, ముంచిన రేవునే మర్నాడు మళ్లీ ముంచేవాడు. దానికి బదులుగా వాళ్లు మన తీరమంతా చీకటి చేస్తారని, కరెంటే కాదు, జనరేటర్లకు డీజిల్ కూడా దొరకదని బల్ల గుద్దేవాడు. ఫోన్‌లో వీడియోలు పెట్టే ఇంకొకాయన. ఆ పార్టీ అంటే ఆయనకు గిట్టదు. మన విమానాలన్నీ కూలిపోయాయి, దాస్తున్నారు అంటాడు. ఈ ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే, మన తీరం పని అయిపోయిందని. మూడో ఆయన ఒకడుండేవాడు, నీళ్లు కలిపిన మజ్జిగలాంటి గొంతు. ‘నిన్న నేను చెప్పింది తప్పు, ఈ సంగతి నాకు తెలియదు’ అనేవాడు. ఆయన రాగానే ఛానల్ మార్చేసేవాణ్ని. యుద్ధంలో తెలియదనేవాడి మాట ఎవరు వింటారు?

చెల్లెలు గట్టు మీద నుంచి ఫోన్ చేసింది.

“ఏందన్నా, ఏం జేద్దాం? చుట్టుపక్కల అందరూ పట్టేస్తుండారు.”

“ఆగమ్మాయ్, మీసాలాయన ఇప్పుడే మొదలుపెట్టినాడు. విని చెప్తా.”

“ఆయన మన గుంట చూసినాడా?”

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా దగ్గర రొయ్య ఎదుగుదల చూడాలంటే విసురు వల వేస్తాం. మేత పడే చోట వేస్తే బలిసినవే వస్తాయి. బురద మూలన వేస్తే నీరసపడ్డవే వస్తాయి. మేత అమ్మేవాడు ఎప్పుడూ మొదటి చోటే వేయమంటాడు, మందులు అమ్మేవాడు రెండో చోట. గుంట సంగతి కావాలనుకున్నవాడు నాలుగు వైపులా వేసి చూస్తాడు. మీసాలాయనా, ఫోన్ ఆయనా జీవితమంతా ఒకే చోట వల వేసేవాళ్లే. వల ఎక్కడ వేశాడో, ఎక్కడ వేయలేదో చెప్పింది ఆ మజ్జిగ గొంతాయన ఒక్కడే. ఆ పూట ఛానల్ మార్చకుండా వింటే, మన తీరానికి ముప్పు ఉందనడానికి తనకు ఆధారమేదీ కనబడలేదని, కనబడితే చెబుతానని అన్నాడాయన. ఆ మాట పట్టుకుని, పట్టొద్దని చెల్లెలికి చెప్పాను.

కొద్ది రోజుల్లోనే యుద్ధం ఆగింది. కరెంటు మామూలుగా పోయేటంతే పోయింది, మామూలుగానే వచ్చింది. ఏరియేటర్ల చప్పుడు వింటూ గట్టు మీద కూర్చుంటే, ఛాతీ మీద నుంచి ఎవరో బండ దించినట్టయింది. ఆ చప్పుడు అంత కమ్మగా ఉంటుందని అంతకు ముందు తెలియదు. రొయ్య కూడా బాగా ఎదిగింది.

పట్టుబడి రోజున ఐసు పెట్టెల పక్కన నిలబడి, రొయ్యలు కొనడానికి వచ్చినాయనకు ఇదంతా చెబుతున్నాను. చెల్లెలు రొయ్యలు ఏరుతూనే తల తిప్పింది.

“ఊరుకో అన్నా, వినేవాళ్లు నవ్విపోతారు. పట్టొద్దని నువ్వెప్పుడు చెప్పినావు? పట్టేయమని వలల మనుషులకు ఫోన్ జేసిందే నువ్వు. గట్టు మీద నిలబడి వాళ్లను ఎనక్కి పంపింది నేను. నువ్వప్పుడు యాడుండావు? సముద్రం మీద నుంచి బాంబులొస్తాయని బిట్రగుంటలో మీ వియ్యంకుడింట్లో దాక్కోనుండావు. ఆడికీ సముద్రం దగ్గరే గదా, అదేమన్నా హిమాలయాల్లో ఉందా?”