చిన్నమ్మ వెంట వచ్చిన చిలుక

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇంకొక చిలుకను తెచ్చింది. కరీంనగర్‌లో వాళ్లుండే అపార్టుమెంటులో ఇదివరకే ఒకటుంది, పసుపుపచ్చ తలా బూడిదరంగు రెక్కలూ ఉన్న విదేశీ జాతిది. మన రామచిలుకలను పంజరంలో పెట్టడం ఇప్పుడు నేరం కాబట్టి, పెంచుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఇలాంటివే కొనుక్కుంటున్నారట. కొత్తదాన్ని పాతదానికి ఎలా అలవాటు చేయాలో అమ్మాయి ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. ముందు కొన్నాళ్లు వేరు వేరు గదుల్లో ఉంచాలట, ఒకదాని కూత ఒకటి వినాలట గానీ ఒకదానికొకటి కనబడకూడదట. ఆమె అంతా పద్ధతిగానే చేస్తున్నది. కుదురు లేనిది నాకే. పాతది పుల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంటే, నేనూ హాల్లోంచి పడకగదికీ, పడకగదిలోంచి హాల్లోకీ తిరుగుతున్నాను. "ఏందమ్మా, నువ్వు వాటికంటే ఎక్కువ పరేషాన్ అయితున్నవ్" అని అమ్మాయి నవ్వింది. ఆమెకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఊరుకున్నాను. మీరైతే నా ఈడువాళ్లు, మీకు చెప్పుకోవచ్చు.

మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. బాపు మందమర్రిలో బొగ్గుబాయి పని చేసేవాడు. కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు, ముందర చిన్న వరండా, వెనుక ప్రహరీ లోపల ఒక జామచెట్టూ, రేకులు కప్పిన స్నానాల గదీ. పొద్దున ఉతికి ఆరేసిన బట్ట మధ్యాహ్నానికి మసిబారేది, సైరన్ మోగితే గోడలు అదిరేవి, అయినా ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. వరండాలో దూలానికి అవ్వ పెంచిన రామచిలుక పంజరం వేలాడుతుండేది. అవ్వ దానికి ఏ మాటా నేర్పలేదు. అది తనంతట తానే నా గొంతు పట్టుకుంది. బడి నుంచి వస్తూ వాకిట్లోనే "అవ్వా, ఆకలైతుంది" అని నేను అరిచే అరుపు, చివర సాగదీసే రాగంతో సహా దానికి వచ్చేసింది. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అవ్వ కామెర్లతో పోయింది. చిలుకకు ఆ సంగతి ఎవరు చెప్తారు? మధ్యాహ్నం కాగానే అది నా గొంతుతో అవ్వను పిలిచేది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. బాపు ఒకనాడు పంజరం కింద నిలబడి చాలాసేపు విని, అన్నం గిన్నె తీసుకోవడం మరిచిపోయి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఏడాది తిరగకముందే బాపు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇంటికి చిన్నమ్మ వచ్చింది. జైనూర్ అవతల అడవి అంచు పల్లె వాళ్లది. తల్లీతండ్రీ పోయాక అన్న ఇంట్లో పనులు చేస్తూ పెళ్లి ఈడు దాటిపోయిన మనిషి. బస్సు దిగి, ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకొక చేత్తో వెదురు పంజరం పట్టుకుని బాపు వెనకాలే నడిచి వచ్చింది. పంజరంలో ఇంకా సరిగ్గా ఎగరడం రాని చిలుక పిల్ల. ఎవరో చెట్టు కొడుతుంటే తొర్రలోంచి కిందపడిందట, జొన్న అంబలి చుక్క చుక్క నోట్లో పోసి ఈమె బతికించుకుందట. వాకిట్లో కాలు పెట్టకముందే నాయనమ్మ "మనిషి వచ్చింది సాలదా, గీ పిట్ట గూడ ఎందుకు" అన్నది. చిన్నమ్మ పంజరాన్ని పెరట్లోకి తీసుకుపోయి స్నానాల గది రేకు కింద కట్టింది, పెట్టెను మాత్రం ఎక్కడ పెట్టాలో అడిగింది.

కళ్లకు కనబడకపోయినా పాతదానికి తెలిసిపోయింది. పెరట్లో పిల్ల కూస్తే చాలు, ఇది మెడ ఈకలు నిక్కబొడుచుకుని పంజరమంతా పరుగులు తీసేది. ఎంతో ఇష్టంగా తినే పచ్చిమిరపకాయను కొరికి కింద పారేసేది. కొన్నాళ్లకు తన రొమ్ము ఈకలు తానే పీక్కోవడం మొదలుపెట్టింది. పొద్దున వరండా ఊడ్చినప్పుడు చీపురుకు పచ్చటి నూగు చుట్టుకుని వచ్చేది. నాకు బడిలో కూర్చుంటే కూర్చున్నట్టు ఉండేది కాదు. అవ్వ గుర్తుగా మిగిలిన ప్రాణి అది. అదీ పోతుందేమోనని మధ్యాహ్నం గంట కొట్టగానే పుస్తకాలు అక్కడే వదిలేసి ఇంటికి ఉరికేదాన్ని.

అలా ఉరికివచ్చిన ఒక రోజున నేనింకా గేటు దగ్గరే ఉన్నాను, చిలుక "అవ్వా, ఆకలైతుంది" అని పిలిచింది. లోపలి నుంచి "వస్తున్న బిడ్డా" అంటూ చిన్నమ్మ పళ్లెంలో అన్నమూ పప్పూ పెట్టుకుని గబగబా వచ్చింది. అప్పటిదాకా ఆమెను నేను ఏ వరుసతోనూ పిలవలేదు. గేటు దగ్గర నన్ను చూసింది, తల ఎత్తి పంజరాన్ని చూసింది, ఆమెకు అర్థమైంది. పళ్లెం మెట్టు మీద పెట్టి, "నన్ను ఏం పిలువకున్నా మంచిదే. ఆకలైతె చెప్పు, గంతే" అని లోపలికి వెళ్లిపోయింది. నేను నిలబడే తిన్నాను.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం గాలిదుమారంతో పాటు వాన వచ్చి స్నానాల గది రేకు ఎగిరిపోయింది. చిన్నమ్మ తడుస్తూనే వెదురు పంజరాన్ని ఇంట్లోకి తెచ్చింది. గదులు రెండూ కురుస్తున్నాయి, వరండా తప్ప ఇంకో చోటు లేదు. ఆమె పాత పంజరం పక్కనున్న గూట్లో దాన్ని పెట్టి కొంగుతో తల తుడుచుకునేలోపే, ఆ పిల్ల చువ్వలు పట్టుకుని పైకి పాకి, గాలికి ఊగి దగ్గరగా వచ్చిన పాత పంజరం వైపు కాలు చాచింది. పాతది ఒక్క కొరుకు కొరికింది. వేలు సగం తెగి నేల మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. చిన్నమ్మ పసుపు అద్ది, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. చప్పుడు లేకుండా ఏడ్చింది. వచ్చిన నాటి నుంచి ఆమె ఏడవడం మేము చూడలేదు.

బాపు షిఫ్టు దిగి, మొహమంతా బొగ్గుతో, అప్పుడే వచ్చాడు. నెత్తురూ చూశాడు, ఈకలు లేని పాతదాని రొమ్మూ చూశాడు. "ఐతారం నాడు గీ చిన్నదాన్ని మీ అన్న తాన విడిచిపెట్టొస్త. ఇంట్ల ఒకటి సాలు" అన్నాడు.

చిన్నమ్మ నేల తుడుస్తూ తల ఎత్తకుండానే అన్నది, "దాన్ని ఒక్కదాన్నే ఎందుకు, నన్ను గూడ తోల్కపోండ్రి. గీ ఇంట్ల కొత్తది అదొక్కటే కాదు గద." ఆ గొంతులో కోపం లేదు, అందుకే మాకు భయం వేసింది.

ఆదివారం దాకా ఆ ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. బాపు బీడీ వెలిగించి సగంలో పారేసేవాడు. చిన్నమ్మ చీరలు మడిచి పెట్టెలో సర్దుతూ, మళ్లీ లేచి పొద్దుటి పని చేసేది. ముందు పాతదానికి నానబెట్టిన శనగలు పెట్టి, ఆ తరువాతే తన పిల్లకు. ఆమె ఉండాలని నాకు ఉందో, పోవాలని ఉందో నేనే తేల్చుకోలేక జామచెట్టు ఎక్కీ దిగీ మోకాళ్లు చెక్కుకున్నాను. శనివారం పొద్దున పెట్టె మంచం మీదికి వచ్చింది.

నాయనమ్మ వరండాలో బియ్యం ఏరుతూ ఉన్నది. చేట పక్కన పెట్టి బాపును పిలిచి కూర్చోమన్నది. "నిన్ను కన్నది నేను గాదని నీకు ఎరికే గద" అన్నది. బాపు నా వైపు చూసి, పిల్ల ముందర ఎందుకన్నట్టు చెయ్యి ఆడించాడు. ఆమె ఆగలేదు. "నేను గీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు నాలుగేండ్ల పోరనివి. నా చేతి బువ్వ తినలే. తినుమని దగ్గరికి తీసుకుంటె గిగో, గిక్కడ కరిసినవ్. నెత్తురు కారింది. మీ నాయిన నన్ను తిరిగి తోలలే, నిన్ను గూడ ఎటు పంపలే. జర ఓపిక పట్టుమన్నడు." మణికట్టు పైన ఆమెకొక తెల్లటి మచ్చ ఉండేది. చిన్నప్పుడెప్పుడో కాలిందని అనుకునేదాన్ని. బాపు ఆ మచ్చను చూశాడు, చాలాసేపు చూశాడు. తరువాత లేచి మంచం మీది పెట్టెను తానే ఎత్తి లోపలి గదిలో, అవ్వ పెట్టె ఉండిన చోట పెట్టాడు.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ తన పాత నూలు చీరను వరండాకు అడ్డంగా కట్టించింది. ఈ పక్క ఒక పంజరం, ఆ పక్క ఒక పంజరం. అప్పుడప్పుడు చీర అంచును బెత్తెడు పైకి మడిచేది, గొడవ మొదలైతే దించేది. ఏ పుస్తకంలో చదివిందని? ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇదేం నాటకమని నవ్వేవాళ్లు. ఒకరోజు పాతదాని చప్పుడు వినబడక ఉరికి చూస్తే, అది తల వంచి చీర అవతల పిల్ల వేస్తున్న ఈలను వింటున్నది. ఆనాడు అది మిరపకాయ మొత్తం తిన్నది. వానలు మొదలయ్యేసరికి రొమ్ము మీద కొత్త ఈకలు వచ్చాయి. ఒక గాలికి చీర ఊడి పడింది, మళ్లీ కట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ రెండూ ఎప్పుడూ ఒకే పంజరంలో ఉండలేదు, చిన్నది మా ఇంట్లో ఉన్నంతకాలం కుంటుతూనే ఉంది, కానీ ఒకటి కూస్తే ఇంకొకటి తప్పక బదులిచ్చేది.

ఆమెను నేను చిన్నమ్మ అనే పిలిచాను, కడదాకా అలాగే పిలిచాను. ఆమె ఇంకో పిలుపు కోరలేదు. నేను పదో తరగతిలో ఉండగా పాతది పోయింది. అప్పటికి నా గొంతు మారిపోయినా, దాని గొంతులో నేను చిన్నపిల్లనే; అది పిలిచిన ప్రతిసారీ చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి "వస్తున్న" అనేది. చిన్నదాన్ని నా పెళ్లయ్యాక వాళ్ల ఊరికి తీసుకుపోయి తలుపు తీసి వదిలిందట. కొన్నాళ్లు కప్పు మీదికి వచ్చి గింజలు తిని పోయేదట, ఆ తరువాత గుంపులో కలిసిపోయిందట. నాయనమ్మ, బాపు, చిన్నమ్మ, అందరూ వెళ్లిపోయారు. ఆ మధ్య మందమర్రి పోతే మా వరుస క్వార్టర్లు కూలగొట్టి ఉన్నాయి, జామచెట్టు ఎక్కడ ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాను.

మా అమ్మాయి పద్ధతి తప్పని నేను అనను. ఆమెకు గదులున్నాయి, ఓపికగా వేరు వేరుగా ఉంచగలదు. ఇంట్లో మనుషులకూ తలా ఒక గది ఉంది. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు, అన్నాల వేళకు మామూలు మొహాలతో బయటికి వస్తారు, లోపల ఏం జరిగిందో ఇంకొకరికి తెలియదు. మా క్వార్టరులో ఒకరి మీద ఒకరు అలిగినా అదే వరండాలో, చేయి చాస్తే తగిలేటంత దూరంలో కూర్చుని అలగాలి. చూసుకుంటూ, వినుకుంటూ, కొరుక్కుంటూ, ఎప్పుడో తెలియకుండానే అలవాటు పడిపోయేవాళ్లం. ఈ పొద్దున కూడా ఆ రెండు గదులూ మూసే ఉన్నాయి. నేను నడవాలో నిలబడి ఈ పక్క కూతా, ఆ పక్క కూతా వింటున్నాను. ఎప్పుడు తెరవాలో అమ్మాయికి తెలుసు. మాకు ఆ రోజుల్లో మూసుకోవడానికి తలుపే లేదు.